ముందు అంచనా రాయండి, తర్వాత యాడ్ వదలండి: మార్కెటింగ్‌లో కొత్తవాళ్లు ఐడియానీ అంకెనీ కలిపి పనిచేయడం ఎలా

మార్కెటింగ్‌లో చేరిన కొత్తలో ఎవరో ఒకరు మీకో ముద్ర వేసేస్తారు. "నువ్వు బాగా రాస్తావు, కాపీ (యాడ్‌లో ఉండే మాటలు) నువ్వు చూసుకో" అంటారు, లేకపోతే "నీకు ఎక్సెల్ వచ్చు కదా, సోమవారం రిపోర్ట్ నువ్వే పంపు" అంటారు. మొదటి ముద్ర పడినవాళ్లు అంకెలు కనిపిస్తే పక్కకి తప్పుకుంటారు, రెండో ముద్ర పడినవాళ్లు ఐడియాలు మన పని కాదులే అనుకుంటారు. నాది రెండో ముద్ర. వారం వారం రిపోర్టులు పంపి పంపి కొన్నాళ్లకి గమనించిందేమిటంటే, నా రిపోర్ట్ చదివి ఎవరూ ఏదీ మార్చలేదు. మార్చడానికి అందులో ఏముంది, అయిపోయిన సంగతులే కదా.

ఈ రెండు పనుల్నీ కలిపే పద్ధతి ఒకటుంది, దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ కొనక్కర్లేదు. యాడ్ అయినా ఈమెయిల్ అయినా బయటికి పంపేముందు, అది ఎందుకు పనిచేస్తుందని మీకనిపిస్తోందో, ఏ అంకె ఎంత కదులుతుందనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోవడం. అంతే. కాకపోతే ఆ వాక్యం సరిగ్గా రాయాలంటే దానికి ముందు కొంత పని, తర్వాత కొంత పని ఉంటుంది, అది వరసగా చెబుతాను. ఉదాహరణకి చిన్న వ్యాపారాలవాళ్లు బిల్లులు పంపుకోవడానికి వాడే ఒక యాప్‌కి మీరు మార్కెటింగ్ చేస్తున్నారనుకుందాం.

1. ఒక్క అంకె పట్టుకోండి

డ్యాష్‌బోర్డ్ తెరిస్తే నలభై అంకెలు కనిపిస్తాయి, అన్నీ ముఖ్యమైనవే అన్నట్టుంటాయి. మీ మేనేజర్‌ని ఒక్కటి అడగండి: "వీటిలో ఏది పడిపోతే మీకు పైనుంచి ఫోన్ వస్తుంది?" ఆయన కాసేపు ఆలోచించి చెప్పేది లైకులూ కాదు, రీచూ (ఎంతమందికి కనిపించిందన్నది) కాదు. మన యాప్ విషయంలో అది బహుశా "సైన్‌అప్ అయిన 7 రోజుల్లో మొదటి బిల్లు పంపినవాళ్లు ఎంతమంది" అనేది అవుతుంది.

ఇప్పుడు ఆ అంకె దాకా ఉన్న దారిని కాగితం మీద గీయండి. యాడ్ కనిపించింది, నొక్కారు, పేజీ చూశారు, సైన్‌అప్ అయ్యారు, మొదటి బిల్లు పంపారు. ఒక్కో మెట్టు దగ్గర వందమందిలో ఎంతమంది మిగులుతున్నారో రాయండి. ఎక్కువమంది జారిపోతున్న మెట్టు ఏదో అదే మీ పని. యాడ్ బాగానే నొక్కుతున్నారు కానీ పేజీ చూసి వెళ్లిపోతున్నారంటే, కొత్త యాడ్ ఎంత అందంగా తీసినా దండగే, మార్చాల్సింది పేజీ.

ఇంకో మాట, ప్రతి అంకెకీ అసలు అర్థమేమిటో ఒకసారి చదవండి. సైట్‌కి వచ్చినవాళ్లని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ 4లో "ఎంగేజ్డ్ సెషన్" అంటే మామూలుగా 10 సెకన్లు దాటిన సందర్శన, లేదా రెండు పేజీలు చూసినది, లేదా మీరు ముఖ్యమని గుర్తు పెట్టిన పని ఏదో ఒకటి జరిగినది. పేజీ తెరిచి పన్నెండు సెకన్లు దిక్కులు చూసినవాడు కూడా ఇందులోకి వస్తాడు. ఇది తెలియక "ఎంగేజ్‌మెంట్ బ్రహ్మాండం" అని మీటింగ్‌లో చెప్పేసినవాళ్లని చూశాను.

2. లింకులకి పేర్లు పెట్టండి

విసుగు పుట్టించే పని, కానీ ఇది చేయకపోతే మిగతాదంతా గాల్లో కట్టిన మేడే. బయటికి పంపే ప్రతి లింకుకీ యూటీఎం ట్యాగులు, అంటే లింకు చివర తగిలించే గుర్తులు, ఉండాలి: ఎక్కడినుంచి, ఏ మార్గంలో, ఏ క్యాంపెయిన్, ఏ యాడ్. (యూటీఎంలో మొదటి అక్షరం అర్చిన్ అనే కంపెనీది, 2005లో గూగుల్ దాన్ని కొనేసింది, పేరు మాత్రం ఇలా మిగిలిపోయింది.) ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ వేరు వేరుగా లెక్కపడతాయి, కాబట్టి అన్నీ చిన్న అక్షరాల్లోనే అని మొదటిరోజే నియమం పెట్టుకోండి, లేకపోతే ఒకే ఈమెయిల్ రిపోర్ట్‌లో రెండు వరసలుగా చీలిపోతుంది. ఏ యాడ్ అన్నది చెప్పే ట్యాగులో "యాడ్1", "యాడ్2" అని రాయకుండా ఐడియా పేరు రాయండి. ఎందుకో కింద 4వ భాగంలో తెలుస్తుంది.

3. అంకెల కంటే ముందు మాటలు చదవండి

డేటా అనగానే అందరికీ గ్రాఫులే గుర్తొస్తాయి. కస్టమర్ సపోర్ట్‌కి వచ్చిన మెసేజ్‌లు కూడా డేటానే. యాప్ స్టోర్ రివ్యూలు, యాడ్ కింద కామెంట్లు, సైట్‌లోని సెర్చ్ పెట్టెలో టైప్ చేసినవి, గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్‌లో ఏం వెతికితే మీ సైట్ కనిపించిందో చూపించే టూల్) కనిపించే వెతుకులాటలు, "యాప్ ఎందుకు వదిలేస్తున్నారు?" అన్న ప్రశ్నకి వచ్చిన జవాబులు, ఇవన్నీ అంతే. ఓ పూట కూర్చుని 200 మెసేజ్‌లు చదవండి. పైపైన కాదు, ఒక్కొక్కటీ.

షీటులో మూడు నిలువు వరసలు పెట్టండి. మొదటిదాంట్లో వాళ్లు రాసింది రాసినట్టే అతికించండి, స్పెల్లింగ్ కూడా దిద్దకండి. రెండోదాంట్లో వాళ్ల ఇబ్బంది ఏమిటో రెండు మూడు మాటల్లో మీరు రాయండి. మూడోదాంట్లో ఆ మెసేజ్‌లో మీకు గుచ్చుకున్న మాట ఏదైనా ఉంటే అది. పేర్లూ ఫోన్ నంబర్లూ షీటులోకి రానివ్వకండి, వాటితో మనకి పని లేదు.

మన యాప్ మెసేజ్‌లు ఇలా ఉన్నాయనుకోండి. "రిమైండర్ సెట్టింగ్ ఎక్కడుంది." "ఒక క్లయింట్ మూడు నెలల నుంచి ఇవ్వట్లేదు, మీ యాప్ నుంచి మెసేజ్ వెళ్లేలా చేయొచ్చా, నా పేరు మీద కాకుండా." "బాగా తెలిసినవాళ్లు, అడగాలంటే మొహమాటంగా ఉంటోంది." "రెండోసారి అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నా." రెండో వరసలో "రిమైండర్ కావాలి" అని నాలుగుసార్లు రాసి లెక్కపెట్టేస్తే మీకు వచ్చేది ఒక ఫీచర్ పేరు. "ఆటోమేటిక్ రిమైండర్లు ఇప్పుడు మీ యాప్‌లో!" అని యాడ్ రాస్తారు, పోటీ కంపెనీలన్నీ రాసినట్టే. మూడో వరస చూడండి. మొహమాటం. ఏమనుకుంటారో. నా పేరు మీద కాకుండా. వాళ్లకి గుర్తుచేసేవాడు కాదు కావలసింది, తమ తరఫున అడిగేవాడు. అప్పుడు యాడ్ వేరేగా వస్తుంది: "మీరు అడగక్కర్లేదు. మేం అడుగుతాం."

ఆ మాట ఏ డ్యాష్‌బోర్డూ చెప్పదు. అలాగని అది ఆకాశం నుంచి ఊడిపడిందీ కాదు, 200 మెసేజ్‌లలో ఎన్నిట్లో ఆ ఇబ్బంది ఉందో మీ షీటే చెబుతుంది. "నాకెందుకో ఇది బాగుంటుందనిపిస్తోంది" అనడానికీ, "200లో 37 మంది అడగలేకపోతున్నామని రాశారు, ఇవిగో వాళ్ల మాటలు" అనడానికీ మీటింగ్‌లో ఎంత తేడా ఉంటుందో ఒక్కసారి చేసి చూడండి.

మెసేజ్‌లు వేలల్లో ఉంటే ఏఐ టూల్‌కి ఇచ్చి గుంపులుగా విడగొట్టించుకోవచ్చు, తప్పులేదు. మొదటి 200 మాత్రం మీరే చదవండి. పైగా ఆ టూల్ చేసే మొదటి పనే "మొహమాటం"ని "పేమెంట్ ఫాలోఅప్ సమస్య"గా మార్చేయడం.

4. అంచనా రాయండి

మీ ఆలోచన ఇప్పుడు ఒక వాక్యం కావాలి, అందులో నాలుగు ఉండాలి: ఎవరికి, ఏం చెబుతాం, ఎందుకు కదులుతారు, ఏ అంకె ఎంత నుంచి ఎంతకి. ఇలా:

"ఒంటరిగా పనిచేసుకునే ఫ్రీలాన్సర్లకి 'మీ తరఫున మేం అడుగుతాం' అని చెబితే, వాళ్ల అసలు ఇబ్బంది మతిమరుపు కాదు మొహమాటం కాబట్టి, పేజీకి వచ్చినవాళ్లలో సైన్‌అప్ అయ్యేవాళ్లు 2 శాతం నుంచి 4 శాతానికి పెరుగుతారు."

ఆ 4 శాతం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, నిజం చెప్పాలంటే నా బుర్రలోంచే. ఫర్వాలేదు. మొదట్లో మీ అంచనాలు దారుణంగా తప్పుతాయి, నావి పదింట్లో ఏడెనిమిది తప్పేవి. అయినా తేదీ వేసి రాయండి, ఎందుకంటే రాయకపోతే ఫలితం వచ్చాక మన మనసు "నేను అనుకున్నదే జరిగింది" అని నమ్మించేస్తుంది, ఎటు జరిగినా సరే. ఈ వాక్యంలోని ఐడియాకి "మొహమాటం" అని పేరు పెట్టి లింకు ట్యాగులో కూడా అదే రాస్తే, ఆరు నెలల తర్వాత రిపోర్ట్ తెరిచినప్పుడు "యాడ్7 గెలిచింది" అని కాకుండా ఏ ఆలోచన గెలిచిందో కనిపిస్తుంది.

5. తేడా ఎంత పెద్దగా ఉండాలో లెక్క వేయండి

ఐడియా ఎంత ధైర్యంగా ఉండాలో లెక్కే చెబుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఏ/బీ టెస్ట్ అంటే వచ్చేవాళ్లని యాదృచ్ఛికంగా సగం సగం పంచి, ఒక సగానికి ఏ, ఇంకో సగానికి బీ చూపించి పోల్చడం. దానికి ఒక్కోవైపు ఎంతమంది కావాలో చెప్పే మోటు లెక్క ఒకటుంది: 16 ని ఇప్పటి శాతమూ ఆశిస్తున్న శాతమూ కలిపిన సగటుతో గుణించండి, దాన్ని ఒకటిలోంచి ఆ సగటు తీసేస్తే మిగిలినదానితో గుణించండి, వచ్చినదాన్ని తేడా వర్గంతో (తేడాని తేడాతోనే గుణిస్తే వచ్చేది) భాగించండి. మామూలుగా వాడే 95 శాతం నమ్మకం (నిజంగా తేడా లేకపోయినా ఉందని పొరబడే అవకాశం 5 శాతమే), 80 శాతం పట్టుకునే శక్తి (ఆశించినంత తేడా నిజంగా ఉంటే 80 శాతం సార్లు దొరుకుతుంది) అనే కొలతలకి ఇది దగ్గరగా వస్తుంది.

2 శాతం నుంచి 2.5 శాతానికి పెరుగుతుందా అని చూడాలంటే (లెక్కలో 2 శాతం అంటే 0.02) సగటు 0.0225, తేడా 0.005. లెక్కిస్తే ఒక్కోవైపు దాదాపు 14,000 మంది. అదే 2 నుంచి 4 శాతం అయితే సగటు 0.03, తేడా 0.02. ఒక్కోవైపు దాదాపు 1,160 మంది చాలు.

ఇప్పుడు మీ పేజీకి వారానికి 1,500 మంది వస్తున్నారనుకోండి. మొదటి టెస్ట్ పూర్తవడానికి పద్దెనిమిది, పంతొమ్మిది వారాలు పడుతుంది, రెండోది రెండు వారాల్లోపే తేలుతుంది. అంటే బటన్ ఆకుపచ్చా నారింజా అన్న టెస్టులు మీ స్థాయిలో పెట్టడమే అనవసరం. అవి కోట్లమంది వచ్చే సైట్లకి చెల్లుతాయి. (అక్కడ కూడా అందరికీ నచ్చవు. 2009లో డగ్లస్ బౌమన్ అనే డిజైనర్ గూగుల్ వదిలి వెళ్తూ, రెండు నీలాల మధ్య తేల్చుకోలేక 41 నీలాలు పరీక్షించే చోటు గురించి తన బాధంతా రాసి మరీ వెళ్లాడు.) తక్కువ ట్రాఫిక్ ఉన్నవాళ్లు రంగులతో కాదు, వాదనలతో టెస్ట్ చేయాలి. "రిమైండర్లు ఉన్నాయి" ఒకవైపు, "మీరు అడగక్కర్లేదు" రెండోవైపు.

ఇక రెండు వైపుల్లో మీకు ఏది నచ్చిందన్నది లెక్కలోకి రాదు. 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికలకి ఒబామా ప్రచార బృందం తమ సైన్‌అప్ పేజీ మీద నాలుగు బటన్లు, ఆరు ఫొటోలూ వీడియోలూ కలిపి 24 రకాలుగా పరీక్షించింది. టీమ్‌లో వాళ్లకి బాగా నచ్చింది వీడియో. తీరా చూస్తే ప్రతి వీడియో కూడా ప్రతి ఫొటో కంటే వెనకే ఉంది. గెలిచింది కుటుంబంతో ఉన్న ఫొటో, "లెర్న్ మోర్" అనే సాదా బటన్, సైన్‌అప్‌లు 8.26 శాతం నుంచి 11.6 శాతానికి వెళ్లాయి. ఆ 24 రకాలూ ఎవరో కూర్చుని తయారు చేస్తేనే కదా పరీక్షించడానికి ఏమైనా ఉండేది. కుటుంబం ఫొటో పెడదామని ఎవరికీ తోచకపోతే ఆ 11.6 ఎక్కడినుంచి వచ్చేది?

6. వదిలాక చెయ్యి పెట్టకండి

రెండు వారాలు అనుకుంటే రెండు వారాలే. వారంలో ఏడు రోజులూ పూర్తిగా ఉండేలా చూసుకోండి, పనిరోజుల్లో వచ్చేవాళ్లు వేరు, సెలవు రోజుల్లో వచ్చేవాళ్లు వేరు. మూడోరోజే "బీ గెలిచేస్తోంది" అని ఆపేయాలనిపిస్తుంది, పై నుంచి కూడా టెన్షన్ పెడతారు. కానీ పూటకోసారి చూసి ఆ 95 శాతం నమ్మకం గీత దాటిన రోజున ఆపేస్తే, 5 శాతం అనుకున్న పొరపాటు అవకాశం పది సార్లు చూసేసరికి 19 శాతం దగ్గరికి వెళ్తుంది. మధ్యలో చూడాల్సింది ఒక్కటే, కొలత సరిగ్గా పడుతోందా లేదా అని. సగం సగం పంచమన్న 10,000 మంది 5,300, 4,700గా వచ్చారంటే అది యాదృచ్ఛికం కాదు, ఎక్కడో ఏదో పాడైంది. ఫలితం చూడకండి, ముందు అది బాగుచేయించండి.

7. మంచి ఫలితాన్నే ఎక్కువ అనుమానించండి

నా మొదటి ఉద్యోగంలో కంపెనీల అడ్రస్‌లకి పంపిన ఒక ఈమెయిల్‌కి క్లిక్కులు మామూలు కంటే రెట్టింపు వచ్చాయి. ఆ సబ్జెక్ట్ లైన్ నేనే రాశాను, కాబట్టి అది నా గొప్పే అనుకుని స్లైడ్ చేసి, పెద్ద అక్షరాలతో అంకె వేసి పెట్టుకున్నాను. మా సీనియర్ చూసి, "ఎవరు ఎన్నింటికి నొక్కారో టైమ్ తీసి చూడమ్మా ఒకసారి" అంది. తీశాను. సగానికి పైగా క్లిక్కులు మెయిల్ చేరిన సెకన్లలోనే పడ్డాయి. ఒక్కో అడ్రస్ నుంచి మెయిల్‌లో ఉన్న ప్రతి లింకూ నొక్కారు, ఆఖరికి అన్‌సబ్‌స్క్రైబ్ కూడా. మనుషులు కాదు, ఆ కంపెనీల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ లింకుల్లో వైరస్ ఉందేమోనని తెరిచి చూస్తోంది. అవి తీసేస్తే నా సబ్జెక్ట్ లైన్ పాతదాని కంటే కొంచెం తక్కువే. స్లైడ్ తీసేశాను.

ఈమెయిల్ ఓపెన్ల సంగతీ ఇంతే. మెయిల్‌లో దాచిపెట్టిన చిన్న బొమ్మ లోడ్ అయితే దాన్ని తెరిచినట్టు లెక్కవేస్తారు. 2021 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 15తో ఆపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ ఆన్ చేసుకున్నవాళ్ల మెయిల్‌లో బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి, మనిషి చూడకపోయినా తెరిచినట్టు లెక్కపడుతుంది. ఓపెన్ రేట్ మీద సబ్జెక్ట్ లైన్ల పందెం కాయకండి.

తర్వాత మొత్తాన్ని ముక్కలుగా విడగొట్టి చూడండి. "ఏ" అనే యాడ్‌కి 10,000 మంది వస్తే 520 మంది సైన్‌అప్ అయ్యారనుకోండి, 5.2 శాతం. "బీ" యాడ్‌కి 10,000 మందిలో 340, అంటే 3.4 శాతం. "ఏ" యాడే గెలిచింది కదా? ఇప్పుడు ఫోన్, కంప్యూటర్ విడదీయండి. ఏ: ఫోన్ మీద 2,000 మందిలో 40, కంప్యూటర్ మీద 8,000 మందిలో 480, అంటే 2 శాతం, 6 శాతం. బీ: ఫోన్ మీద 8,000 మందిలో 200, కంప్యూటర్ మీద 2,000 మందిలో 140, అంటే 2.5 శాతం, 7 శాతం. రెండు చోట్లా బీనే ముందుంది! యాడ్ ప్లాట్‌ఫామ్ తన ఇష్టం వచ్చినట్టు బీని ఎక్కువగా ఫోన్లకి పంపింది, ఫోన్ మీద ఎవరైనా తక్కువే సైన్‌అప్ అవుతారు, అందుకని మొత్తంలో ఓడినట్టు కనిపించింది. దీన్ని సింప్సన్స్ పారడాక్స్ అంటారు. ప్లాట్‌ఫామ్‌లో రెండు యాడ్లు పక్కపక్కన పెట్టి వదిలేయడం టెస్ట్ కాదు, మనుషుల్ని యాదృచ్ఛికంగా పంచే స్ప్లిట్ టెస్ట్ ఆప్షన్ విడిగా ఉంటుంది, అది వాడండి.

అయితే ముక్కలు చేసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మీకు నచ్చిన ఫలితం దొరికి తీరుతుంది. "మంగళవారం సాయంత్రం ట్యాబ్లెట్ వాడేవాళ్లలో అదిరింది" లాంటివి. ముందు అంచనాలో రాయని ముక్కలో కనిపించింది ఫలితం కాదు, తర్వాతి టెస్ట్‌కి ఐడియా మాత్రమే.

8. చెప్పేటప్పుడు మనిషి మాటతో మొదలుపెట్టండి

ఒక్క పేజీ చాలు. పైన ఒక కస్టమర్ రాసిన మాట, ఉన్నదున్నట్టు. దాని కింద మీ అంచనా, రాసిన తేదీతో. దాని కింద రెండు యాడ్లూ పక్కపక్కన బొమ్మలుగా, ఒక్కో దాని కింద ఒక్క అంకె. ఆఖరున ఇప్పుడేం చేయబోతున్నామో ఒక లైను. గ్రాఫ్ అవసరమైతే ఒక్కటి పెట్టండి. అంచనా తప్పితే "తప్పింది" అనే రాయండి, "ఆసక్తికరమైన ఫలితాలు" అని కాదు.

ఇవన్నీ ఒక షీటులో వరసగా పేర్చండి: తేదీ, ఐడియా పేరు, అంచనా, వచ్చింది, ఎందుకనుకుంటున్నారు. వద్దన్న ఐడియాలు కూడా తీసేయకండి. మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో యాడ్ హెడ్‌లైన్ చూపించే తీరు మార్చాలన్న ఒక ఉద్యోగి ఆలోచన పెద్ద విశేషమేమీ కాదని ఆరు నెలలకి పైగా పక్కన పడుంది. 2012లో ఒక ఇంజినీరు తీరిక చూసుకుని టెస్ట్ పెడితే ఆదాయం 12 శాతం పెరిగింది, అంటే ఒక్క అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్లకి పైమాటే.

షీటు నలభై వరసలు దాటాక మీకు కావలసిన టూల్స్ ఏవో మీకే తెలుస్తాయి. ముందు పివట్ టేబుల్ (ఎక్సెల్‌లో వరసల్ని గుంపులు చేసి లెక్క చూపించేది), తర్వాత కాస్త ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి డేటా అడిగి తీసుకునే భాష), ఎందుకంటే ఎవరో డేటా తీసిచ్చేదాకా కూర్చుంటే వారం పోతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే అక్కర్లేదు. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు కంపెనీ రహస్యాలు, అసలు అంకెలు తీసేసి ఆ షీటులోంచి మూడు వరసలు తీసుకెళ్లండి: ఒకటి అంచనా నిజమైనది, ఒకటి ఘోరంగా తప్పినది, ఒకటి గెలిచిందనుకుంటే కొలతే తప్పని తేలినది. మూడోదాని గురించే ఎక్కువసేపు అడుగుతారు. నన్నయితే ఆ అన్‌సబ్‌స్క్రైబ్ క్లిక్కుల గురించి ఇరవై నిమిషాలు అడిగారు.